నా కళ్లతో నాయనమ్మ చూసిన పర్ర

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే చురుకైన కళ్లు నావేనని నాకు గట్టి నమ్మకం. తెనాలిలో మా ఇంటి అరుగు మీద కూర్చుంటే, వీధి మొగదల తిరిగే రిక్షాలో ఎవరొస్తున్నారో అందరికంటే ముందు అరిచి చెప్పేది నేనే. సగం సార్లు తప్పే చెప్పేదాన్ని. అత్తయ్య వస్తోందని నేను కేకేస్తే, రిక్షాలోంచి బట్టల మూటతో చీరలమ్మే ఆవిడ దిగేది. అయినా నా ధీమా తగ్గేది కాదు. మా తాతయ్య నన్ను రేడియో అని పిలిచేవాడు. అది మెచ్చుకోలనుకుని మురిసిపోయేదాన్ని.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఎనభైల నడిమి మాట ఇది. మా నాయనమ్మకు కళ్లలో శుక్లాలు వచ్చి మూడేళ్లు దాటింది. కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఎడమకంటికి మనుషులు పొగలోంచి నడిచొస్తున్నట్టు కనిపించేవారట. ఆ సంగతి బయటివాళ్లకు తెలియనివ్వకుండా ఆమె ఇల్లంతా నడిపేది. బియ్యంలో రాళ్లు వేళ్లతో ఏరేది. చారు మరిగిందో లేదో వాసనతో చెప్పేది. గుమ్మంలో అడుగు పడగానే ఎవరో పోల్చుకుని పీట వేసేది. ఒకసారి మాత్రం పోపులో జీలకర్ర బదులు వాము వేసింది. ఆ పూట ఒక్కరైనా నోరెత్తితే ఒట్టు. తాతయ్య అయితే అడిగి మరీ రెండోసారి పప్పు వేయించుకున్నాడు.

తాతయ్య నలభై ఏళ్లు ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా చేశాడు. ఊళ్లో సగం మందికి సూదులు వేసిన చెయ్యి ఆయనది. ఆపరేషనంటే వణికిపోయే వాళ్లను కబుర్లలో పెట్టి, నవ్వించి, బల్ల మీద పడుకోబెట్టేదాకా వెంట ఉండేవాడు. అంతటి మనిషి మాట సొంత భార్య దగ్గర చెల్లలేదు. ఆయన ఆపరేషన్ ఊసెత్తితే ఆమె "చూడాల్సినయ్యన్నీ చూశానండి. ఇంకేం మిగిలినయ్యని ఈ వయసులో కంట్లో కత్తి పెట్టించుకోను?" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయేది. భయమని ఒప్పుకునే మనిషి కాదు ఆమె. అది భయమని ఆమె ముఖాన అనే మనిషి కాదు ఆయన.

ఆ ఏడు అట్లతద్ది వెళ్లిన దగ్గర్నుంచి వానలు వదల్లేదు. ఆ వానల్లోనే డాక్టరుగారు ఒక మాట తేల్చి చెప్పారు. ఇంకా జాగు చేస్తే కుడికంట్లో శుక్లం లోపలే పగిలిపోతుందని, తర్వాత ఆపరేషన్ చేసినా చూపు రాదని. బాపట్లలో ఎవరో దాతలు కంటి శిబిరం పెడుతున్నారు. సోమవారం సాయంత్రంలోగా పేరు రాయించుకోవాలి. నాన్న చెప్పాడు, అమ్మ చెప్పింది, పక్కింటి పిన్నిగారు వచ్చి తన అక్కకు చూపు ఎంత బాగా వచ్చిందో చెప్పింది. నాయనమ్మ అందరికీ కాఫీ ఇచ్చి పంపేసింది. శనివారం నాటికి ఇంట్లో అందరూ చేతులెత్తేశారు. తాతయ్య ఒక్కడే తీరుబడిగా పడక్కుర్చీలో కూర్చుని వాన చూస్తూ, రేపు మీ ఊరి పర్ర చూసొద్దామా అని అడిగాడు.

పర్ర అంటే సముద్రానికి దగ్గరలో ఉండే చవిటి నేల. నిజాంపట్నం వైపు అలాంటి నేలలు చాలా ఉన్నాయి. ఎండాకాలంలో దాని మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది, సరిగా గడ్డి కూడా మొలవదు. వానలు పడి మురుగుకాలవలు పొంగితే మాత్రం అదే నేల అవతలి ఒడ్డు కనిపించనంత పెద్ద చెరువైపోతుంది. కొన్నాళ్లు దోనెలు తిరుగుతాయి. ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి దిగుతాయి. ఎండలు ముదిరాక మళ్లీ నేలే. నాయనమ్మ పుట్టిన ఊరు అలాంటి ఒక పర్ర ఒడ్డున ఉంది. ఆ నీళ్లు చూసి ఆమెకు పదిహేనేళ్లు దాటింది.

"నాకేం కనపడుద్దని రమ్మంటున్నారు?" అంది నాయనమ్మ.

"అమ్మాయి ఉందిగా. అది చూసి చెప్పుద్ది," అన్నాడు తాతయ్య.

నా ఒళ్లు పొంగిపోయింది. నిజానికి ఆ పనికి అందరికీ గుర్తొచ్చేది మా అన్నయ్య. వాడికి పిట్టల పేర్లు, చెట్ల పేర్లు అన్నీ తెలుసు. ఏదడిగినా ఒకటికి రెండుసార్లు చూసి గానీ నోరు తెరవడు. అమ్మ వాణ్ణి తీసుకెళ్లమంది కూడా. తాతయ్య ఒప్పుకోలేదు. వాడొద్దు, అమ్మాయే కావాలన్నాడు. ఆ పూట అన్నయ్య ముందు నేను పోయిన పోకడలు తలుచుకుంటే ఇప్పటికీ నాకే నవ్వొస్తుంది.

ఆదివారం పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కాం. వాన పడుతోందని అందరూ కిటికీ తలుపులు దించేసుకుంటే నాయనమ్మ మాత్రం తన పక్కది ఎత్తించుకుని, జల్లు ముఖాన పడుతున్నా కదలకుండా కూర్చుంది. ఏం కనపడుతోందని అడిగింది. పొలం అన్నాను. తర్వాత ఏంటంది. ఇంకో పొలం అన్నాను. వేమూరు దాకా అలా పొలం తర్వాత పొలం చెప్పుకుంటూ వచ్చాను. నా పని నేను చాలా బాగా చేస్తున్నానని నా ఉద్దేశం.

"వరి పొట్ట మీదుందా, ఈనిందా?" అని అడిగింది నాయనమ్మ.

"పచ్చగా ఉంది నాయనమ్మా."

ఆమె తాతయ్య వైపు తిరిగింది. "ఏమండీ, ఈ పిల్లకి అన్నం ఎక్కణ్ణించి వస్తదో తెలుసంటారా?"

తాతయ్య గొడుగు పిడిని అటూ ఇటూ తిప్పి, దాని మీద ఏదో రాసి ఉన్నంత శ్రద్ధగా చూస్తున్నాడు. ఎదురు బల్ల మీద ఒక రైతు ఉండబట్టలేక, ఇప్పుడిప్పుడే ఈనుతోందండి పిన్నిగారూ, ఈ వాన ఇంకో రెండు రోజులుంటే గింజ పట్టక తాలు పోద్దండి అని చెప్పాడు. నాయనమ్మ ఆయనతోనే మాట్లాడుకుంటూ రేపల్లె దాకా వచ్చింది. నాకు కాస్త కష్టంగానే అనిపించింది గానీ, పొలాల సంగతి రైతుకే తెలుస్తుంది కదా అని సరిపెట్టుకున్నాను.

రేపల్లెలో ఇడ్లీలు తిని నిజాంపట్నం బస్సెక్కాం. బస్సు నిండా ఖాళీ చేపల తట్టలు, తడిసిన గొడుగులు. ఇక్కడ కూడా నా పప్పులేం ఉడకలేదు. చక్రాల చప్పుడు మారగానే నాయనమ్మ, వంతెన దాటుతున్నాం కదూ అంది. వంతెనేం లేదని నేను ఖచ్చితంగా చెప్పాను. ఆ సమయంలో నేను ముందు సీట్లో ఒకావిడ జడలోని కనకాంబరాలు చూస్తున్నాను. కండక్టరు వెనక్కి తిరిగి, అదేంటి పాపా, ఇంత వంతెన కనపడ్లేదా అన్నాడు. తాతయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ దగ్గాడు. అది దగ్గు కాదని నాకు చాలాసేపటికి గాని తెలియలేదు.

ఊరి దగ్గర దిగేసరికి నాయనమ్మ తమ్ముడు గోనెసంచి మడిచి తలమీంచి వేసుకుని ఎదురుచూస్తున్నాడు. నేను చిన్నతాతయ్య అనేదాన్ని. ఈ వానలో చూసేందుకేముంది బావా, ఎండ కాసినప్పుడు రాకూడదా అని ఆయన తాతయ్యను అడిగాడు. వాన లేకపోతే నీళ్లెక్కడుంటాయోయ్ అని తాతయ్య అన్నాడు. నాయనమ్మ ఇద్దరి మాటా వినడం లేదు. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, గట్టు దిగి, నీళ్లు ఎటు ఉన్నాయో ఎవరూ చెప్పకుండానే అటు నడిచింది. పాదాలు తడిశాక ఆగి, "వచ్చేశాం," అంది.

ఒక దోనెలో నలుగురం ఎక్కాం. చిన్నతాతయ్య వెనక నిలబడి గడ వేస్తున్నాడు. ఆ రోజు నేను చూసిన పర్ర ఎలా ఉందో ఇప్పుడు చెప్పగలను. అప్పుడు చెప్పలేకపోయాను. నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. ఆ రంగు పెద్ద ఇత్తడి గంగాళాన్ని బూడిదతో తోమి, ఇంకా కడగక ముందు ఉండే రంగు. చినుకు పడిన ప్రతిచోటా చిన్న గుంట పడి, పైకి లేచి, మాయమయ్యేది. చవిటి నేలలో పెరిగే ఉప్పుచెట్లు నీళ్లలో మునిగి, వాటి కొసలు అక్కడక్కడా కనపడేవి. ఒడ్డున ఊరు, గుడిసెలు, ఎండబెట్టుకునే రోజుల కోసం చూస్తూ చుట్టి పెట్టిన వలలు, అన్నీ వెనక్కి వెళ్లిపోయాయి. చినుకుల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. నాకు ఇదంతా చూడగానే చూసేందుకేమీ లేదనిపించింది.

కానీ నాయనమ్మ అడుగుతూనే ఉంది. అదిగో రెక్కల చప్పుడు, ఏంటవి అనేది. కొంగలు నాయనమ్మా అనేదాన్ని. ఎడమపక్క ఏదో వాలింది, ఏంటది అనేది. కొంగే అనేదాన్ని. ఇప్పుడు మునిగిందెవరు అనేది. ఎవరూ మునగలేదనేదాన్ని. చిన్నతాతయ్య గడ ఆపి, అది బుడుబుంగ అక్కా, మునిగి అల్లంత దూరాన తేలింది అని సర్దేవాడు. నేను కొంగలన్నవి పరజలనే అడవిబాతులట, రెండోది నారాయణపక్షట. నాయనమ్మ ముఖం ఎర్రబడుతోంది. "అన్నీ కొంగలేనా? పర్రలో కొంగలు తప్ప దేవుడు ఇంకేం పుట్టించలేదా?" అంది. తాతయ్య ముక్కు మీద జారిన వాన నీళ్లు తుడుచుకుంటున్నాడు. మొహం చూస్తే చాలా సంతోషంగా ఉన్నాడు. నాకు ఏడుపొస్తోంది. ఒక్కటంటే ఒక్కటైనా నాయనమ్మ మెచ్చుకునేలా చెప్పాలని పట్టుదల వచ్చేసింది.

కొంతదూరం పోయాక ఆమె గొంతు మారింది. నీళ్ల నడుమ ఒక దిబ్బ ఉండాలి, వచ్చామా అని తమ్ముణ్ణి అడిగింది. దగ్గరికొస్తున్నామన్నాడు. అప్పుడు నాకు చెప్పింది. ఆమెకు పదిహేనో ఏట పెళ్లయిందట. ఇలాంటి వానల్లోనే అత్తారింటికి పంపారట. అప్పటికి ఆ ఊరికి రోడ్డు లేదు, ఈ నీళ్ల మీదే దోనెలో దాటించారు. ముందు ఇల్లు కనపడకుండా పోయింది, తర్వాత ఒడ్డు పోయింది. దిబ్బ మీది మూడు తాటిచెట్లు మాత్రం చాలాసేపు కనపడ్డాయి. వాటిలో నడిమిది ఎడమకు వంగి ఉండేది. అవి కూడా వానలో కలిసిపోయాక, ఇక పుట్టిల్లు అయిపోయిందని తెలిసిందట. "ఆ రోజు మీ తాతయ్య ముందుకి చూస్తా కూర్చున్నాడు. నేను వెనక్కి చూస్తా కూర్చున్నా," అంది.

తాతయ్య తల తిప్పి ఆమెను చూశాడు. ఆ మాట ఆయన కూడా మొదటిసారి వింటున్నాడని నాకు అనిపించింది.

"చూసి చెప్పు. మూడూ ఉన్నయ్యా?" అని అడిగింది నాయనమ్మ.

సరిగ్గా అప్పుడే వాన పెద్దదైంది. ఎదురుగా నల్లగా ఏదో మిట్టలాగా ఉంది. దాని మీద పొడుగ్గా ఒకటి నిలబడ్డట్టు ఉంది. మిగతాదంతా తెల్లటి జల్లు. నేను రెండోసారి చూడలేదు.

"ఉన్నయ్యి నాయనమ్మా. మూడూ ఉన్నయ్యి."

"నడిమిది ఇంకా వంగే ఉందా?"

"వంగే ఉంది."

ఆమె రెండు చేతులూ ఎత్తి అటు దణ్ణం పెట్టింది. ముఖమంతా తెరిపిన పడింది. నాయనమ్మను అంత చిన్నపిల్లలా నేను అంతకుముందు చూడలేదు. దిబ్బ ఉన్న వైపు కాక కాస్త పక్కకు దణ్ణం పెడుతోంది. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. అప్పుడు గమనించాను, దోనె కదలడం లేదు. చిన్నతాతయ్య గడ నీళ్లలో ఆనించి అలాగే నిలబడ్డాడు.

"అక్కా, రెండు చెట్లు ఆ డెబ్భై ఏడు ఉప్పెనప్పుడే పడిపోయినయ్యి. ఒకటే ఉంది. వంగింది పోయింది, నిటారుగా ఉన్నదే మిగిలింది," అన్నాడు మెల్లగా.

నాయనమ్మ చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. తర్వాత దించుకుని ఒళ్లో పెట్టుకుంది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నీకు ఎన్ని కనపడ్డయ్యి?" అని అడిగింది.

"ఒకటి. అది కూడా సరిగ్గా కనపళ్లా."

"మరి మూడని ఎందుకన్నావు?"

"నువ్వు మూడన్నావు కదా అని."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. దోనెను దిబ్బ దగ్గరికి పోనిమ్మంది. ఒడ్డుకు ఆనించాక, తమ్ముడి భుజం పట్టుకుని దిగి, మిగిలిన ఆ ఒక్క చెట్టు మొద్దుకు అరచెయ్యి ఆనించి నిలబడింది. నీళ్లు ధారగా చెట్టు మీదుగా దిగి ఆమె చేతి మీదుగా మోచేతి దాకా కారుతున్నాయి. చాలాసేపు అలా ఉంది. తర్వాత వెనక్కి తిరగకుండానే, "రేపు బాపట్లకి ఏ బండి ఉందండి?" అని అడిగింది.

తాతయ్య వెంటనే బండి టైము చెప్పాడు. అది తప్పిపోతే తర్వాతది ఎప్పుడో కూడా చెప్పాడు.

"చెట్లు పోతే పోయినయ్యి. ఉప్పెనలో మనుషులే పోయారు," అంది ఆమె. "లేనివాటికి దణ్ణం పెట్టాను చూడండి, అదే నాకు బాగాలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు నేనే చూసుకుంటా."

చిన్నతాతయ్య ఇంట్లో వేడివేడిగా అన్నం తిని, పొడి బట్టలు కట్టుకుని సాయంత్రం బండికి బయల్దేరాం. పాసింజరులో నాయనమ్మ కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. నేను తాతయ్య పక్కన చేరి, ఇంక ఆపుకోలేక ఏడ్చేశాను. ఆయన తన కండువాతో నా ముక్కు తుడిచి, తప్పు నీది కాదమ్మాయ్, నాది అన్నాడు. అన్నయ్యను కాదని నన్నెందుకు తెచ్చాడో అప్పుడు చెప్పాడు. వాడైతే అన్నీ సరిగ్గా చూసి సరిగ్గా చెప్తాడు, ఇక మీ నాయనమ్మకు వాడి కళ్లే చాలనిపించేది. నీకైతే ఏదీ నిలిచి చూసే అలవాటు లేదు, నీతో పూట గడిస్తే తన కళ్లు తనకు కావాలనిపిస్తుందని తెచ్చా. ఆ చెట్ల సంగతి మాత్రం నేను అనుకోలేదు అన్నాడు.

తొమ్మిదేళ్ల పిల్లకు అది ఎలాంటి మాటో ఆలోచించండి. తెలివైనదాన్నని తెచ్చుకున్నాడనుకున్నాను. పనికిరానిదాన్నని తెచ్చుకున్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఈ సంగతి నాయనమ్మకు చెప్పొద్దని తాతయ్య నన్ను బతిమాలుతున్నాడు.

"నాకు తెనాల్లోనే తెలుసండి," అంది నాయనమ్మ కళ్లు తెరవకుండానే. "పిట్టల్ని చూపిచ్చేందుకు పిల్లోణ్ణి వదిలేసి దీన్ని తెచ్చినప్పుడే అర్థమైంది."

తాతయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. తెలిసీ ఎందుకొచ్చావని అడిగాడు.

"పర్రకి వెళ్లి ఎన్నాళ్లయిందో. తీసుకెళ్తానంటే వద్దంటానా?" అంది.

సోమవారం బాపట్ల వెళ్లి పేరు రాయించుకున్నారు. పది రోజులకు ఆపరేషన్ అయింది. సెలవులిచ్చిన ఒక బడి గదుల్లో మంచాలు వేశారు. కట్లతో అటూ ఇటూ తిరక్కుండా వెల్లకిలా పడుకున్న ముసలివాళ్ల వరసలో మా నాయనమ్మను వెతుక్కోవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె ఆ రోజు దోనెలో నా మాట వల్లే ఈ బల్ల ఎక్కింది. చూపు రాకపోతే? ఆ ఆలోచన నాలో దూరి కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. అరుగు మీద కూర్చున్నా, వచ్చే రిక్షాలను చూసి కేకేయడం మానేశాను. మా ఇంట్లో రేడియో పాడైపోయిందని అన్నయ్య ఎగతాళి చేశాడు.

ఇంటికి తీసుకొచ్చాక ఆపరేషన్ చేసిన కంటికి ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. అద్దాలు వచ్చేదాకా నెలన్నర ఆగాలి. పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు, వంగకూడదు, తలకు పోసుకోకూడదు. అరుగు మీద పడక్కుర్చీ వేసి కూర్చోబెడితే, వీధిలో ఏం జరుగుతోందో చెప్పేందుకు ఎవరో ఒకరు కావాలంది. అన్నయ్య వచ్చి కూర్చున్నాడు. వాణ్ణి చదువుకోమని పంపేసి నన్ను పిలిపించింది. నేను రానన్నాను. చేయిపట్టి లాక్కుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. "అబద్ధమాడి దొరికిపోయిన పిల్లవి. నీ అంత జాగ్రత్తగా ఇంకెవరు చూస్తారే?" అంది.

ఆమె నాకు మూడే జవాబులు ఇచ్చింది. చూశాను. చూడలేదు. సరిగా కనపడలేదు. ఈ మూడింట్లో ఏదైనా చెప్పొచ్చు, దేనికీ తిట్టను, నాలుగోది మాత్రం వద్దు అంది. మొదట్లో 'చూడలేదు' అనడానికి నా నోరు వచ్చేది కాదు. ఆ మాట అంటే ఓడిపోయినట్టు ఉండేది. ఎర్ర చీరావిడ చేతిలో ఏముందంటే, సంచి అని నోటిదాకా వచ్చేది. ఆపుకుని, సరిగా కనపళ్లేదు నాయనమ్మా అనేదాన్ని. సరే, ఇప్పుడు చూడు అనేది ఆమె. లేచి వీధి చివరిదాకా వెళ్లి చూసొచ్చి, సంచి కాదు, కోడిపిల్లల గంప అని చెప్పేదాన్ని. ఆ నెలన్నరలో మా వీధిని నేను మొదటిసారి చూశాను. ఎదురింటి సాయిబుగారి కుట్టుమిషను తొక్కే కాలికి ఒక వేలు లేదని, పాలాయన సైకిలుకు బెల్లు రెండువైపులా ఉందని, మా సొంత ఇంటి గుమ్మం కొంచెం కుడికి ఒరిగి ఉందని అప్పుడే తెలిసింది.

అద్దాలు వచ్చిన రోజు ఇంట్లో అందరం చుట్టూ చేరాం. సీసా అడుగుల్లాంటి మందపాటి అద్దాలు. తాతయ్య స్వయంగా చెవులకు తగిలించాడు. ఊళ్లో సగం మందికి సూదులు వేసిన ఆ చేతులు వాటిని రెండుసార్లు సర్దాయి. ఆమె ముందు ఆయన్నే చూసింది. ఏంటండీ ఇంత ముసలాడైపోయారు అంది. అందరూ నవ్వారు, ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నాన్నను, అమ్మను, అన్నయ్యను చూసింది. నేను తలుపు వెనక ఉన్నాను. చూపు వచ్చిందని తెలిసిన క్షణంలో అక్కడే నేల మీద కూర్చున్నాను.

ఇట్రమ్మంది. వెళ్లాను. గడ్డం పట్టుకుని ముఖం వెలుగులోకి తిప్పింది. ఆమె నన్ను సరిగా చూసినప్పుడు నాకు అయిదేళ్లో ఆరేళ్లో. ఆ తర్వాత నేను ఆమెకు ఒక గొంతును మాత్రమే. నుదురు, కనుబొమలు, ముక్కు, ఒక్కొక్కటీ బియ్యం ఏరినంత నిదానంగా చూసింది. నా ముక్కు మీద వేలు పెట్టి, అలాగే ఉండిపోయింది.

"ఇది మా అమ్మ ముక్కు," అంది. "వీధంతా చెప్పావు గదే, ఈ మాట ఎవరూ చెప్పలేదేంటి?"

ఎవరు చెప్తారు? నాన్న పుట్టకముందే పోయిన ఆమె తల్లిని ఆ ఇంట్లో చూసినవాళ్లు తాతయ్య తప్ప ఎవరూ లేరు. ఆయన నా ముక్కును పట్టి చూడలేదు. ఆ మాట చెప్పగలిగిన కళ్లు మూడేళ్లుగా మూసుకుని ఉన్నాయి. నా ముఖంలో ఉన్న ఆ మనిషిని చూసేందుకు నాయనమ్మ చూపు తిరిగి రావాల్సి వచ్చింది. ఆమె నన్ను దగ్గరికి లాక్కుంది, ఆ బరువైన అద్దాలు నా చెంపకు గుచ్చుకున్నాయి, ఆ రోజు నేను ఏడ్చింది సంతోషంతోనే.

తర్వాత పెద్దదాన్నై, ఇరవై ఏడేళ్లు ఒక ల్యాబులో రక్తపు చుక్కలు సూక్ష్మదర్శినిలో చూసి కాగితం మీద రాసే పని చేశాను. రాసిన కాగితం అవతల డాక్టరుగారి చేతికి వెళ్తుంది. ఆయన దాన్ని నమ్మి మందు రాస్తారు. గాజుపలక మీద రక్తం సరిగా పరుచుకోనప్పుడు, ఏదో ఒకటి రాసి పంపేయమని తొందరపెట్టినవాళ్లున్నారు, నీకు పని రాదా అని కసురుకున్నవాళ్లున్నారు. సరిగా కనపడలేదండి, ఇంకోసారి చుక్క తీయాలి అనేదాన్ని. ఒక్కసారి కూడా ఆ మాట అనడానికి నేను సిగ్గుపడలేదు. బయట బల్ల మీద తన రక్తంలో ఏముందో చూడలేని మనిషి, నా మాట కోసం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండేవాడు.